పినక్ గారి కుడిచెయ్యి

ఆబ్రీ పినక్ గోడల్ని తడమకుండా వీధిలో నడవడు. ఆ పసుప్పచ్చ రాళ్లలో ఏది వదులైనా ఆయన చేతికి తెలిసిపోతుంది. పాత కట్టడాలను కాపాడుకునే ఆ పేటలో కొత్త ఇళ్లకు అనుమతులిచ్చే కౌన్సిల్ సంఘంలో ఆయనా ఒకడు. నిన్న చర్చి వెనక పొలంలో తక్కువ అద్దె ఇళ్లు కడతామని అడిగితే, వాటి కప్పులు చర్చి శిఖరానికి అడ్డొస్తాయని ఆయన వద్దంటూ కుడిచెయ్యెత్తాడు.

ఈ ఉదయం లినెట్ ఆలస్యంగా వచ్చింది. మంచాన పడ్డ ఆయన భార్యకు స్నానం చేయించేది ఆమే. రెండు బస్సులు మారి రావాలి.

"ఆ ఇళ్లు పోయాయటగా పినక్ గారూ, ఒక్క ఓటు తేడాతో," అంది, ఆవిడ తడి తలకు తువ్వాలు చుడుతూ. "ఒకటి మాకొస్తుందని మావాడు తన గదికి రంగు కూడా ఎంచుకున్నాడు. పోన్లెండి. మీరు మాత్రం మావైపే ఉండుంటారు."

ఆబ్రీ కప్పు ఆమె వైపు జరిపాడు.

"టీ చల్లారిపోతోంది, ముందు తాగమ్మా," అన్నాడు.

ఆమె వెళ్తుంటే బస్సు దాకా సాగనంపాడు. దారంతా గోడ పక్కనే నడిచాడు. కుడిచెయ్యి మాత్రం కోటు జేబులోంచి తియ్యలేదు.