కత్తెర జేబులో వెల్వెట్ ముక్క

బ్యాండు మాస్టారు మా కుట్టు షెడ్డులోకి వచ్చి కోటును బల్లమీద విసిరికొట్టిన రోజు నేను గుండీల డబ్బా ముందు కూర్చుని ఉన్నాను.

"ఈ కోటు కత్తిరించిన మనిషెవరు? బయటికి రమ్మనండి," అన్నాడు. గుండీలు పట్టడం లేదట. బాకా ఊదబోతే చంకల్లో కుట్లు పిగిలాయట. వేదికమీద పరువంతా పోయిందట.

కత్తిరించిన మనిషి బయటికి వచ్చింది. షెడ్డులో అందరూ ఆమెను కత్తెర అంటారు. కుడిచెయ్యి ఏప్రాను జేబులో పెట్టుకుని నిలబడింది. ఆయన అరుస్తూనే ఉన్నాడు. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఇస్త్రీ వాళ్ళు వచ్చారు. పక్క దుకాణం వాళ్ళు గుమ్మంలో చేరారు. జనాన్ని చూసి ఆయనకు ఉత్సాహం పెరిగింది, మా ఓనరమ్మ తాతల దాకా వెళ్ళాడు. తిట్టడానికి ఇంకేమీ మిగలక ఆగినప్పుడు, కత్తెర కోటు తీసి కాలరు తిప్పి ఆయన ముందు పెట్టింది.

"ఇది ఎవరి పేరండీ?"

కాలరు లోపలి పట్టీమీద ఆయన తమ్ముడి పేరు కుట్టి ఉంది.

"మీ తమ్ముడుగారు ఈపాటికి మీ కోటులో ఈదుతుంటారు. ముందు ఆయన్ని గట్టుకి చేర్చండి," అంది.

షెడ్డు షెడ్డంతా గొల్లుమంది. ఆయన కోటు చంకన పెట్టుకుని వచ్చిన దారినే పోయాడు. కత్తెర మాత్రం నవ్వలేదు. జేబులోంచి చెయ్యి తీసి, మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ జేబులో ఏముందో అప్పటికి నాకొక్కదానికే తెలుసు. ఎదుటివాణ్ణి నలుగురూ చేరేదాకా వాగనిచ్చి, ఆ తరవాత పట్టుకోవడం ఆమె ఎవరిమీద నేర్చుకుందో కూడా నాకు తెలుసు.

నేను ఆ షెడ్డులో దారాలు కత్తిరిస్తాను, గుండీలు కుడతాను. వయసును బట్టి అందరికీ పెద్దమ్మని. నాకు చదువు పెద్దగా రాదు గాని మనిషిని చూస్తే కొలత తెలిసిపోతుంది, టేపు అక్కర్లేదు. కత్తెర కొలత నేను మొదటిరోజే తీశాను. పలుచటి మనిషి, చిక్కటి పొగరు.

ఆమెను పనిలోకి తెచ్చినవాడు ఆమె బావే, అక్క మొగుడు. షెడ్డుకి అతనే మేస్త్రీ. కత్తిరించే బల్ల అతనిది. గుడ్డను పొరలు పొరలుగా పరిచి, పైన సుద్దతో గీసి, కరెంటు కత్తితో ఆ దొంతరంతా ఒక్కసారే కోస్తారు. చెయ్యి కాస్త వణికితే ఒక్క చొక్కా కాదు, దొంతరలో ఉన్న చొక్కాలన్నీ పోతాయి. అందుకే షెడ్డులో ఎన్ని మిషన్లున్నా ఆ బల్లకే గౌరవం. మరదలికి పని నేర్పింది తనే. ఆ మరదలి చెయ్యి తన చేతిని దాటిపోవడం, ఓనరమ్మ బల్ల తీసి ఆమెకివ్వడం మాత్రం అతనికి మింగుడు పడలేదు. పైకి పళ్ళికిలిస్తూ, లోపల పళ్ళు నూరుతూ తిరిగేవాడు.

అతనికి అదను ఒక మధ్యాహ్నం దొరికింది. దుమ్ము పడుతుందని కత్తిరింపు గది కిటికీలు మూసేశారు. కత్తెర కాలర్లు కోస్తోంది. ఉన్నట్టుండి కత్తి ఆపేసి, బల్ల కాలు పట్టుకుని నేలమీద కూలబడింది. నేను పరుగెత్తాను. మొహం సున్నం కొట్టినట్టుంది. చేతులు చల్లగా, తడిగా ఉన్నాయి.

"పెద్దమ్మా, పోతున్నాను. ఊపిరాడట్లేదు. మా అమ్మకి చెప్పు," అంది.

"పోతే పోదువుగాని, ముందు లే," అని బండెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అన్ని పరీక్షలూ చేశారు. గుండె గట్టిగానే ఉందన్నారు. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని చెప్పింది.

"ఇది ఆందోళనమ్మా. నిప్పు లేదు, అయినా లోపల ఎవరో నిప్పు నిప్పని కేకలేస్తున్నారు. ఒళ్ళు ఆ కేకను నమ్మి పరుగు మొదలుపెడుతుంది. మందులిస్తాను, వేసుకో. వేసుకోవడంలో తప్పేం లేదు, చాలామంది వాటితోనే తేరుకుంటారు."

కత్తెర వేసుకుంది. ఆ మందు ఆమె ఒంటికి మత్తుగా ఉండేది. మత్తు కళ్ళతో కరెంటు కత్తి పట్టుకుంటే గుడ్డతోపాటు వేళ్ళూ పోతాయి. మళ్ళీ వెళ్ళి అడిగింది, మందు లేకుండా దారేమన్నా ఉందా అని. ఉంది గాని ఓపిక కావాలంది డాక్టరమ్మ. వారం వారం రమ్మంది. తగ్గకపోతే మొండికెయ్యకుండా మళ్ళీ మందుకి రావాలని మాట తీసుకుంది.

ఇంతలో ఇక్కడ బావగారు తన పని తాను చేశాడు. భోజనాల గదిలో అందరూ డబ్బాలు విప్పిన వేళ లేచి నిలబడి, గుండెమీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు తేలేసి, చేపలా నోరు తెరిచి మూస్తూ, "పెద్దమ్మా, పోతున్నాను," అని మరదల్ని అనుకరించాడు. గదంతా పడీ పడీ నవ్వింది. నేను నవ్వలేదు. పళ్ళు లేకపోవడం వల్ల కాదు, ఉన్నవి చాలు నాకు. కత్తెర గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆమెను చూసి కూడా అతను ఆపలేదు. ఇంకో రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. ఆ రోజు నుంచి ఆమె పేరు ఆయాసం.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. "కత్తి దగ్గర ఇలాంటి మనిషిని ఉంచితే రేపు ఎవరి పీకకి చుట్టుకుంటుందో," అని ఓనరమ్మ చెవిలో వేసి బల్ల మళ్ళీ తను తీసుకున్నాడు. కత్తెరను కాజాలు సరిచూడ్డానికి నా పక్కన కూర్చోబెట్టాడు. సాయంత్రం కత్తెర ఇంటికి వెళ్ళి వాళ్ళమ్మతో, "అత్తా, దీని బుర్ర సరిగా లేదు. ఇంట్లో కత్తులవీ కాస్త దాచిపెట్టు," అన్నాడు. ఆ పిచ్చితల్లి నమ్మింది. కూరగాయల కత్తి తీసుకెళ్ళి పరుపు కింద పెట్టుకుంది.

"బల్ల తీసుకున్నాడు సరే పెద్దమ్మా, ఉల్లిపాయ కొయ్యడానికి కూడా నన్ను పనికిరాకుండా చేశాడు," అని కాజా చూస్తూనే నాతో అంది కత్తెర. ఏడవలేదు. అప్పుడే అనుకున్నాను, బావగారి రోజులు దగ్గరపడ్డాయని.

డాక్టరమ్మ చెప్పినవి చెప్పినట్టు చేసింది. చిక్కటి టీ మానేసింది. పొద్దున్నే చెమట పట్టేదాకా నడిచేది. ఊపిరి మెల్లగా తీసుకుని, తీసుకున్నదానికంటే నిదానంగా వదలాలట. వదిలేటప్పుడు మనసుకి హాయిగా ఉండేది తలుచుకోమందట డాక్టరమ్మ.

"ఏం తలుచుకుంటున్నావే?" అని అడిగాను.

"మా బావని మెట్లమీంచి వదుల్తున్నాను. ఊపిరి ఎంత పొడుగొస్తే అన్ని మెట్లు."

"డాక్టరమ్మకి చెప్పావా?"

"చెప్పాను. ఆవిడ నవ్వి, సముద్రం కూడా పనిచేస్తుందమ్మా అంది. నాకు మెట్లే బాగున్నాయి."

వెల్వెట్ ముక్క కూడా డాక్టరమ్మ చెప్పినదాన్లోంచి వచ్చిందే. భయం ముంచుకొచ్చినప్పుడు చేతికి దొరికిన వస్తువును తడిమి, అది ఎలా ఉందో మనసులో చెప్పుకోమందట. చెత్తబుట్టలోంచి ఒక వెల్వెట్ ముక్క ఏరి జేబులో వేసుకుంది. వెల్వెట్ మీది నూగు ఒక వైపుకి వాలి ఉంటుంది. అటు నిమిరితే చెయ్యి జారుతుంది, ఇటు నిమిరితే ఎదురు తిరుగుతుంది. "జారింది, ఎదురు తిరిగింది, జారింది," అని పెదాలు కదుపుతూ కూర్చునేది. చూసినవాళ్ళు ఆయాసానికి పిచ్చి ముదిరిందనుకున్నారు.

అన్నిటికంటే కష్టమైనది చివరిది. భయం ఎక్కడ పుట్టిందో అక్కడికే వెళ్ళాలి, అది తనంతట తగ్గేదాకా పారిపోకూడదు. అందరూ భోజనాలకి వెళ్ళగానే కత్తెర కత్తిరింపు గదిలోకి వెళ్ళేది. మొదట గుమ్మం దాకా, తరవాత బల్ల దాకా. ఆ తరవాత కిటికీలు మూసుకుని నిలబడేది. ఒకసారి తలుపు సందులోంచి చూశాను. జుట్టంతా తడిసిపోయి, బల్ల అంచు పట్టుకుని, ఎవరితోనో పందెం కట్టినట్టు నిలబడి ఉంది. కాసేపటికి భుజాలు దిగాయి. బయటికొచ్చి, "వచ్చింది, అరిచింది, పోయింది. మా బావ కంటే నయం, ఇది తొందరగా పోతుంది," అని డబ్బా విప్పింది.

నెలలు గడిచాయి. భయం రావడం మానలేదు. వచ్చినప్పుడు ఈమె కుర్చీ వేసి కూర్చోబెట్టడం నేర్చుకుంది, అంతే. బల్ల మాత్రం ఇంకా బావ చేతిలోనే ఉంది.

అప్పుడు నాటకాల హాలు వాళ్ళు వేదిక తెరలకి, కుర్చీ తొడుగులకి మా షెడ్డుకి పని ఇచ్చారు. ఎర్రటి వెల్వెట్. మేస్త్రీ జీవితమంతా చొక్కాల గుడ్డ కోసినవాడు. ఆ గుడ్డను ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి మడతలు వేసుకుంటూ పరిచేయొచ్చు. వెల్వెట్టుకి అలా కుదరదు. ఒక పొర పరిచాక కోసి, మళ్ళీ మొదటి వైపు నుంచే పరవాలి. లేకపోతే ఒక పొర నూగు పైకి, ఇంకో పొర నూగు కిందికి ఉంటాయి. చేతిలో అన్నీ ఒకే రంగు. దీపం వేస్తే ఒకటి నలుపు తిరుగుతుంది, ఇంకొకటి వెలిసిపోయినట్టుంటుంది.

మేస్త్రీ మడతలు వేసుకుంటూ పరిచాడు. దారపు కండెలకని లోపలికి వెళ్ళిన కత్తెర దొంతర అంచున అలవాటుగా చెయ్యి వేసింది. జారింది, ఎదురు తిరిగింది, జారింది. అక్కడే ఆగిపోయింది. వెనకే ఉన్న నాకు కూడా ఆమె వీపు బిగుసుకోవడం కనిపించింది.

"బావా, కొయ్యబోయే ముందు ఒక్క మాట."

అతను తల కూడా ఎత్తలేదు. "ఏం, మళ్ళీ వచ్చిందా?" అని గుండెమీద చెయ్యి పెట్టుకుని చేపలా నోరు తెరిచాడు. పక్కనున్న ఇద్దరు నవ్వారు.

"ఏం లేదులే, నీ పని చూసుకో," అంది కత్తెర. బయటికొచ్చి నా పక్కన కూర్చుంది. లోపల కత్తి మోగడం మొదలైంది. ఆ మోత ఆగేదాకా ఆమె ఒక్క కాజా కూడా చూడలేదు, కళ్ళు మూసుకుని వింది. చెప్పొద్దూ, నేను కూడా విన్నాను. అంత తియ్యటి మోత నా చెవిన ఎప్పుడూ పడలేదు.

తెరలు వేలాడదీసి దీపాలు వేసేసరికి వేదిక చారల పరుపులా ఉందట. హాలు వాళ్ళు అన్నీ వెనక్కి తెచ్చి మా గుమ్మంలో పడేశారు. ఓనరమ్మ మొహం చూసి ఎవరూ మిషను తొక్కలేదు.

మేస్త్రీ మొదట రంగు మంచిది కాదన్నాడు. తరవాత దీపాలు మంచివి కావన్నాడు. చివరికి వేలు తిప్పాడు. "గుడ్డ పరిచింది మా మరదలమ్మా. దాని సంగతి తెలిసి కూడా ఊరుకున్నాను, సొంత మనిషి కదా అని. ఆ మత్తులో ఎలా పరిచిందో ఏమో."

కత్తెర చెయ్యి జేబులోకి వెళ్ళింది. అతన్ని మాట్లాడనిచ్చింది. అతను ఆసుపత్రి గురించి చెప్పాడు, బుర్ర గురించి చెప్పాడు, అత్త పరుపు కింద దాచిన కత్తి గురించి కూడా చెప్పాడు. షెడ్డంతా చుట్టూ చేరింది. ఇంక చెప్పడానికి ఏమీ లేక ఆగాడు.

"మందులు మానేసి చాలాకాలమైంది బావా, మత్తెక్కడిది?" అంది కత్తెర. "సరే, నేనే పరిచాననుకుందాం. కోసింది నువ్వేగా. వెల్వెట్ కోసే ముందు నూగు ఎటుందో చెయ్యి వేసి చూడాలి. చూశావా?"

"చూడకుండా కోస్తానా?"

"ఎటుంది మరి?"

మేస్త్రీ నోరు తెరిచాడు, మూశాడు. మళ్ళీ తెరిచాడు. భోజనాల గదిలో తను ఆడిన చేప ఈసారి నిజంగానే అతని మొహంలోకి వచ్చింది. ఎవరో వెనక నుంచి కిసుక్కున నవ్వారు. ఈసారి నాకూ నవ్వొచ్చింది, దాచుకోలేదు.

"పరిచింది మేస్త్రీగారేనమ్మా," అని అతనితో నవ్విన ఇద్దరే ఓనరమ్మతో చెప్పారు. బల్ల ఆ పూటే కత్తెరకి తిరిగొచ్చింది, ఆయాసం పోయి పాత పేరూ తిరిగొచ్చింది. బావ కాజాలు సరిచూడ్డానికి నా పక్కకి వచ్చాడు. ఇంటి దగ్గర కత్తెర వాళ్ళమ్మ పరుపు కింది కత్తి తీసి, కడిగి, ఉల్లిపాయల పక్కన పెట్టిందట.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న మెట్ల దగ్గర అతను గుండె పట్టుకుని కూర్చున్నాడు. మొహం సున్నం, చేతులు తడి. ఆటకాదని నాకు చూడగానే తెలిసింది. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అన్నీ చూసి గుండె గట్టిగా ఉందన్నారు, ఆందోళనే అన్నారు. అప్పట్నుంచి కత్తిరింపు గది వైపు చూస్తే చాలు, నా పక్కన కూర్చున్న మనిషికి చెమటలు పడుతున్నాయి. వాళ్ళావిడ వచ్చి చెల్లెలి ముందు ఏడ్చింది. "నీకు తెలుసు కదే, ఏం చెయ్యాలో చెప్పవే," అంది.

"నోరుంది కదక్కా ఆయనకి. ఆయన్నే అడగమను," అని అక్కకి మంచినీళ్ళిచ్చి పంపింది.

ఆ సాయంత్రం కత్తెర బల్ల తుడిచి, ఏప్రాను విప్పి, జేబులోంచి వెల్వెట్ ముక్క తీసి నా గుండీల డబ్బాలో పెట్టింది. నూగు సగం అరిగిపోయి ఉంది.

"నీకొద్దా?" అన్నాను.

"నాకు ఇంకోటి ఉంది. ఇది మా బావకి. ఊపిరి ఎలా వదలాలో, దీన్ని ఎలా నిమరాలో నీకు తెలుసుగా, నువ్వే నేర్పు. కానీ చాటుగా అడిగితే ఇవ్వకు పెద్దమ్మా. భోజనాల గదిలో, అందరూ డబ్బాలు విప్పాక, లేచి నిలబడి నన్ను అడగాలి. అప్పుడివ్వు."

"అడగకపోతే?"

"నీ డబ్బాలోనే ఉంటుంది."

"ఈలోగా నిజంగానే ఊపిరాడక ఏదైనా అయితేనో?"

"ఏమీ కాదు. ఆడనట్టు ఉంటుంది గాని ఆడుతూనే ఉంటుంది. కాసేపు అరిచి, తనంతటే పోతుంది. నాకు తెలుసు కదా," అంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఆ మాట మాత్రం ఆయన అడిగేదాకా చెప్పకు."