నలభై రెండో నంబరు

నా భార్య చనిపోయి ఏడు నెలలైంది. ఆమె గుండె ఆపరేషన్ గురించి ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఆపరేషన్ బాగానే జరిగింది, ఆ తరువాత రెండేళ్లు బతికింది. నేను చెప్పలేకపోయినది అది జరిగిన తీరు.

నారాయణఖేడ్‌లో ముప్పై ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పాను. హక్కు వేరు, దయ వేరు అని బోర్డు మీద రెండు గళ్లు గీసి రాసేవాణ్ణి. పొద్దున్నే నాయకుడి వాకిట్లో చిట్టీ కోసం నిలబడటం దొరల కాలపు అలవాటని, ఓటు ఉన్నవాడికి ఆ అవసరం లేదని చెప్పేవాణ్ణి. ఇక్కడ చిట్టీ అంటే నాయకుడి సంతకం ఉన్న సిఫారసు ఉత్తరం. హాస్టల్ సీటుకు, బదిలీకి, దవాఖానలో మంచానికి, అన్నిటికీ అదే. ప్రభుత్వం చెడ్డదని నేనెప్పుడూ అనుకోలేదు. నియమాన్ని పట్టుకుని ఓపికగా నిలబడితే ఆఫీసులు మెల్లగా మారతాయని నమ్మాను. చదివిన పుస్తకాలన్నీ ఆ మాటే చెప్పాయి. లేదా ఆ మాట చెప్పేవే నేను చదివాను.

పట్నంలోని ఒక పెద్ద దవాఖానలో ఆమె గుండె కవాటం మార్చాలన్నారు. రిజిస్టరులో పేరు రాసుకుని నంబరు ఇచ్చారు. నలభై మూడు. ఆ కాగితం చూసి నాకు సంతోషమేసింది. కూలీకైనా, ఆఫీసరుకైనా అదే వరుస.

నలభై రెండు నాగల్‌గిద్ద దగ్గరి పల్లెలో ఉండే ఆమెది. నా భార్య కంటే చిన్నది. భర్త కంది, జొన్న వేసే రైతు. పరీక్షలకు పిలిచినప్పుడల్లా నలుగురం ఒకే బస్సులో వెళ్లేవాళ్లం. ఆమె తెచ్చిన జొన్నరొట్టె నా భార్య సగం లాక్కుని తినేది.

"నీ నంబరు నాకిచ్చి, నాది నువ్వు తీస్కో రాదు?" అని ఆటపట్టించేది.

"ఇస్తగని అక్కా, మా ఆయనను గూడ తీస్కోవాలె మరి" అనేది ఆమె.

నాలుగు నెలలు గడిచాయి. వరుస ముప్పై దగ్గర ఆగింది. నా భార్యకు పడుకుంటే ఊపిరి అందేది కాదు, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. ఒక పొద్దున పక్కింటి దర్జీ నన్ను గుమ్మం దగ్గరే ఆపాడు.

"మాస్టర్ సాబ్, లైన్ల నిలబడితె రేషన్ దొరుకుతది, పానం దొరకది. గా లీడరు నీ దగ్గర సదువుకున్నోడే గద. ఒక్కపారి పోయొస్తె ఏం పోతది?"

"నంబరుంది భాయ్."

"నంబరు సూస్కుంట కూసో ఇగ. భాబీని సూస్తె నాకే పరేషానయితుంది."

లోపలికి వెళితే ఆమె మేలుకునే ఉంది. మా మాటలు విన్నది. "పోకు" అన్నది. కాసేపటికి, "పోతె జల్దీ పో" అన్నది.

వెళ్లాను. వాకిట్లో నిలబడ్డవాళ్లను దాటించి నన్ను లోపలికి పిలిచారు. నాయకుడు లేచి నిలబడి నాకు కుర్చీ వేయించాడు. చాయ్ చల్లారేలోపు ఉత్తరం చేతికి వచ్చింది. పదో రోజున ఆపరేషన్ అయింది.

ఆపరేషన్ అయిన మూడో నెలలో నాగల్‌గిద్ద ఆమె పోయిందని తెలిసింది. అప్పటికీ ఆమెకు పిలుపు రాలేదు. ఆమెకు రావలసిన రోజునే నేను తీసుకున్నానని ఖచ్చితంగా చెప్పలేను. మా కంటే ముందు పన్నెండు మంది ఉన్నారు. వాళ్లలో ఎవరి రోజు మాకు వచ్చిందో రిజిస్టరు చెప్పదు.

"ఆమె ఫోన్ చేస్తలేదేంది?" అని నా భార్య అడిగింది. బాగానే ఉందన్నాను. రెండేళ్లు అదే చెప్పాను.

పోయిన నెల సంతలో నాగల్‌గిద్ద ఆమె భర్త కనిపించాడు. నేను పక్కకు తప్పుకోబోయాను. అతనే దగ్గరికి వచ్చి, "అక్క పోయిందంట గద సార్, మొన్ననే తెలిసింది" అన్నాడు. ఉల్లిగడ్డ కుప్పల మధ్య నిలబడి అతనికి చిట్టీ సంగతంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను.

"గది నాకు అప్పుడే ఎరుక సార్. మీకు తెల్సినోళ్లున్నరు, పోయిండ్రు. మాకు లేరు. ఉంటె నేను పోకుంటనా?" అన్నాడు. ఆగి, "మా బిడ్డకు హాస్టల్ల సీటు రాలె. ఒక చిట్టీ ఇప్పియ్యుండ్రి సార్" అన్నాడు.

నా నోటి నుంచి ముప్పై ఏళ్ల అలవాటు మాటే వచ్చింది. "దరఖాస్తు నేను రాసిస్త. ఆఫీసుల ఇయ్యి. కాయిదా ప్రకారం రావాలె."

అతను నవ్వాడు. "చిట్టీ మీకు, దరఖాస్తు మాకా సార్?"

ఆ నవ్వులో కోపం లేదు. అతని లెక్కలో నేను తప్పు చేయలేదు. దర్జీ లెక్కలోనూ, నాయకుడి లెక్కలోనూ చేయలేదు. భార్యను పోగొట్టుకున్న మనిషికే తప్పుగా కనిపించనిదాన్ని నేను ఏ ఆఫీసుకు వెళ్లి తప్పని చెప్పను? పిల్లలకు ముప్పై ఏళ్లు నేను చెప్పింది ఈ ఊరిలో ఎవరికీ అంటలేదు. చివరికి నాకూ అంటలేదు.

మరుసటి పొద్దున అతన్ని వెంటబెట్టుకుని నాయకుడి దగ్గరికి వెళ్లాను. పిల్లకు సీటు దొరికింది. అది ఎవరికి రావలసిన సీటో నేను అడగలేదు. అతనూ అడగలేదు.