కదలని పేజీలు

రిబ్కా పుట్టింది ముదిగొండ దగ్గర. పెళ్లయ్యాక కాపురానికి మణుగూరు అవతల, అడవి అంచునున్న గని కాలనీకి వచ్చింది. భర్త సంసోను భూగర్భంలో పైకప్పుకు ఆసరాలు నిలిపే కార్మికుడు. అతను షిఫ్టుకు వెళ్తే తిరిగొచ్చేదాకా ఆమెకు ముద్ద దిగేది కాదు. కంప్యూటర్ డిప్లొమా ఉండటంతో ఆ గని కంట్రోల్ రూములోనే కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. లోపల విషవాయువు ఎంతుందో తెర మీద చూస్తుంటే భయం తగ్గుతుందనుకుంది. తగ్గకపోగా, అది రోజంతా కళ్ల ముందే ఉండేది.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం ఆ రీడింగులను తెర మీదికి పంపే సర్వర్‌లో మెమరీ ఎర్రర్లు మొదలయ్యాయి. ఒక మెమరీ బోర్డు పాడవుతోంది. రిబ్కా ఖమ్మంలో ఉన్న సర్వీసు ఇంజినీరు వీరేందర్‌కు ఫోన్ చేసింది.

"సార్, ఎర్రర్లు మస్తు వస్తున్నయ్. బంద్ చేసి మారుద్దామంటే లోపల మనుషులున్నరు."

"బంద్ చెయ్యకున్రి అక్కా. మిషన్ నడుస్తుండంగనే తీసే బోర్డది. ఫర్మ్‌వేరే గట్ల చెప్తది. దాన్ని ఆఫ్‌లైన్ చెయ్యమని, అంటే ఖాళీ చేసి వాడకం ఆపుమని, కెర్నల్‌కు చెప్పున్రి."

యంత్రంలో ఏ మెమరీ ఎక్కడుందో, ఏది ఊడదీయొచ్చో దానిలోనే ఉండే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాం చెబుతుంది. మెమరీని పంచిపెట్టే పని ఆపరేటింగ్ సిస్టంలోని కెర్నల్‌ది. బోర్డు తీయాలంటే అందులోని సమాచారాన్ని పేజీలనే చిన్న ముక్కలుగా, ఒకదాని తర్వాత ఒకటిగా కెర్నల్ పక్క బోర్డులకు తరలించాలి. రిబ్కా ఆదేశమిచ్చింది. తరలింపు చకచకా సాగి ఒకచోట ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ అక్కడే.

"బిజీ అని చూపెడుతుంది సార్."

"అయ్యో! కెర్నల్ సొంత సామాను అండ్లనే పడ్డది. అది పక్కకు జరగదు. తీసే బోర్డుల పక్కకు జరిగేటియే పెట్టుమని స్టార్టింగ్‌లనే సెట్టింగ్ ఉంటది. సర్వర్ పెట్టినోళ్లు అది పెట్టలే. ఇప్పుడు బోర్డు గుంజితే సర్వర్ మొత్తం కూలుతది."

"గుంజకపోతే?"

"ఎప్పుడు కూలుతదో నేను చెప్పలేను అక్కా."

లోపల పని చూసే ఓవర్‌మన్ దగ్గర చేతి మీటర్ ఉంది కానీ, అది అతనున్న చోటి గాలినే చెబుతుంది. మిగతా సొరంగాల సంగతి ఈ తెరకే తెలుసు. రిబ్కా షిఫ్టు ఇన్‌చార్జి వెంకటనారాయణ దగ్గరికి పరుగెత్తి సంగతి చెప్పింది.

"రీడింగులు మంచిగనే ఉన్నయ్ కదమ్మా. గింతదానికి పని ఆపుతమా?"

"ఇప్పుడైతే ఉన్నయ్ సార్. ఎంతసేపుంటయో తెల్వది." ఆమె ఇంకో మాట కలిపింది. "నా మనిషి గూడ లోపలనే ఉన్నడు."

ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఆమెకు వెంటనే అనిపించింది. ఆయన మాత్రం లేచి కంట్రోల్ రూముకు వచ్చాడు. తెర మీద ఎర్రర్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఫోనెత్తి లోపలున్న ఓవర్‌మన్‌తో, "అందర్ని జల్దీ పైకి పంపున్రి," అన్నాడు.

మనుషులు గుంపులుగా పైకి రావడం మొదలైంది. రిబ్కా తెర ముందే కూర్చుంది. ప్రార్థన చేద్దామంటే మాటలు కూడలేదు. సగం మంది ఇంకా దారిలో ఉండగా సర్వర్ కూలి, తెర బిగుసుకుపోయింది. దాని మీద చివరి అంకెలు మంచివే. కానీ అవి అప్పటికే పాతవి. కింద సొరంగాలన్నిటిలో గాలి ఎలా ఉందో చెప్పేది ఇక ఏదీ లేదు.

ఆమె వానలోనే గని నోటి దగ్గరికి పరుగెత్తింది. వస్తున్న ఒక్కో టోపీ దీపం కింద ముఖం వెతికింది. సంసోను ఆఖరి గుంపులో వచ్చాడు.

"ఏంది రిబ్కా, గిట్ల తడుస్తున్నవ్?"

ఆమె అతని చొక్కా చెయ్యి పట్టుకుని నిలబడింది.

లోపల గాలికి ఏమీ కాలేదని తర్వాత తేలింది. వీరేందర్ వచ్చి కొత్త బోర్డు బిగించాడు. ఊడదీయొచ్చని ఫర్మ్‌వేర్ చెప్పిన మెమరీలో కెర్నల్ తన సామాను పెట్టకుండా సెట్టింగ్ మార్చి సర్వర్ స్టార్ట్ చేశాడు. పరీక్షకు ఆఫ్‌లైన్ చేయిస్తే బోర్డు సాఫీగా ఖాళీ అయింది.

"ఇగ ఫికర్ లేదక్కా," అన్నాడు.

"అవ్," అంది రిబ్కా. కానీ ఇప్పటికీ అంకెలు కాసేపు మారకపోతే, గాలి నిలకడగా ఉందో సర్వరే ఆగిందో తేలేదాకా ఆమెకు ఊపిరాడదు.