అత్త విప్పిన అతుకులు

పోయిన నెల గుడియాత్తంలో మా మేనత్త కన్నుమూసింది. ఫోను వచ్చినప్పుడు నేను వేలూరులో, సత్తువాచారిలోని నా అంగడిలో ఉన్నాను. బల్ల మీద పైపలక విప్పాల్సిన ఫిడేలు ఒకటి ఉంది. కబురు వినగానే నాకు మొదట తోచింది, ఇక దీన్ని ఎవరు విప్పుతారు అని. ఏడుపు ఆ తర్వాతే వచ్చింది. ఈ మాట దాచిపెట్టి ఆమె గురించి ఏం రాసినా అబద్ధమే అవుతుంది.

అంగడి బోర్డు మీద ఉన్నది నా పేరు. నిజానికి తీగలు మార్చడం, మెరుగు పెట్టడం వరకే నా పని. అతుకు విప్పాల్సి వస్తే వాయిద్యాన్ని గుడ్డలో చుట్టుకుని గుడియాత్తం బస్సెక్కేవాణ్ణి. మామ పోయాక ఆ విద్య అత్త చేతిలోనే మిగిలింది.

పాత వాయిద్యాలను వజ్రం అనే తోలుబంకతో అతికిస్తారు. అత్త పలుచని చాకును వేడినీళ్ళలో ముంచి, తుడిచి, అతుకు సందులో ఆనించేది. నెట్టేది కాదు. బంక మెత్తబడి చిన్నగా టిక్కుమన్నాక వెంట్రుకవాసి లోపలికి పోనిచ్చి, మళ్ళీ ముంచేది. ఒక్క ఫిడేలుకు ఒక పూట పట్టేది. నేను గడియారం చూస్తే, "అవసరపడొద్దు నాయనా" అనేది. తొందరను మా వైపు అవసరం అంటారు. "బంకకు వదలాలనే ఉండాది. మనమే కాచుకోలేము."

ఒకసారి కళ్ళు చూపించుకోవడానికి వేలూరు వచ్చి, నా అంగడిలో కూర్చుని ఉంది. అప్పుడే కాట్పాడి నుంచి ఒక సంగీతం టీచరమ్మ తన వీణ కోసం వచ్చింది. బుర్రకు దండి కలిసే అతుకు తడిమి చూసి, "విప్పిన జాడే లేదే. ఎంత ఓర్పండీ మీకు" అంది.

"ఇన్నేళ్ళ అనుభవం కదమ్మా" అన్నాను.

"ఈ పెద్దామె ఎవరు?"

"ఊరి నుంచి ఆస్పత్రికి వచ్చినారు."

అత్త అని కూడా చెప్పలేదు. చెబితే ఇంకేమైనా అడుగుతుందేమోనని భయం.

టీచరమ్మ వెళ్ళిపోయాక అత్త నా వైపు చూడకుండానే అడిగింది. "వీణను ఎండ తగిలే చోట పెట్టొద్దని చెప్పినావా?"

"లేదు."

"పోయి చెప్పు. ఇంకా బస్సు ఎక్కి ఉండదు."

పరుగెత్తి చెప్పి వచ్చాను. అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

కర్మాంతరం నాడు పక్కింటామె ఒక తంబురా తీసుకొచ్చింది. "మా నాయనదప్పా. సొరకాయ బుర్ర దగ్గిర అతుకు లేచిపోయింది. మా అన్న కొడుకు చెయ్యి పడితే కొయ్యకు నొప్పి తెలీదని మీ అత్తమ్మ నీ గురించి అందరికీ చెప్తానే ఉండె."

"అతుకులన్నీ విప్పింది అత్తే" అన్నాను. "నాకు రాదు."

ఆమె నమ్మలేదు. "చాకు పట్టేది నువ్వే గదా అని మీ అత్తమ్మను నేనూ అడిగినాను. వాడు చెప్పినట్టు పట్టుకుంటా, అంతే అనింది."

తంబురా నా ఒళ్ళో పెట్టి ఆమె లోపలికి పోయింది. భోజనాలు ముగించి చేతులు కడుక్కోవడానికి పోతున్నవాళ్ళు నా ముందు ఆగి, పక్కవాళ్ళకు నన్ను చూపించి చెప్పుకుంటున్నారు.

"ఈయనే."