ట్రూస్ కార్డు మీద అబద్ధం

సీట్సె నెదర్లాండ్స్‌లోని ఫ్రైస్లాండ్‌లో కాలువ మీద వంతెన కాపలాదారు. పడవొస్తే మీట నొక్కి వంతెన లేపాలి, వెళ్లాక దించాలి. ముప్పై ఏళ్లుగా అదే పని, అదే కుర్చీ. ఇంటికెళ్తే ట్రూస్. ఆరడుగుల కొండచిలువ. పెళ్లాం వదిలేసి వెళ్లాక ఇంట్లో ఉన్న ప్రాణి అదొక్కటే.

పాములు పెంచేవాళ్ల సంఘంలో ఆయన మాటకి ఎదురు లేదు. "మూడు వారాలకో ఎలుక. అంతకంటే ఎక్కువ పెట్టావంటే చేతులారా చంపుకున్నట్టే" అని పోయినేడు నింకె అనే పిల్లని అందరిముందూ ఏడిపించాడు. ఇంటికొచ్చిన వాళ్లకైనా అంతే, కాఫీతో ఒక్క బిస్కెట్ ఇచ్చి డబ్బా మూత టక్కున మూసేసే మనిషి.

కానీ ప్రతి ఆదివారం, వచ్చినవాళ్లు గడప దాటగానే ఫ్రీజర్ తెరిచేవాడు. ఎలుకని గోరువెచ్చని నీళ్లలో కరిగించి ట్రూస్‌కి పెట్టేవాడు. అది మింగుతుంటే చూడటం ఆయనకి పండగ. దాని గాజుపెట్టెలో పాకడానికి పెట్టిన కొమ్మల్ని కూడా పీకేశాడు. సంఘం ఇచ్చిన మేత కార్డు మీద మాత్రం రాసేది "మూడు వారాలకొకటి".

ఏటా వసంతంలో సంఘం పాములన్నిటినీ తూస్తుంది. కాటా దగ్గర కూర్చునేది యెల్చె. డెబ్బై దాటాయి, నోరు మాత్రం తగ్గలేదు.

"ఏరా సీట్సె, ఇది పామా, దిండా?"

"దాని జాతే అంత, అక్కా."

"నాకా జాతులు చెప్పేది! వేలు పెడితే వెన్నెముక దొరకట్లేదు. గాలి మింగి బలిసిందా?"

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు.

"నీ కాటా తప్పు."

యెల్చె కిలో చక్కెర పొట్లం తీసి కాటా మీద పెట్టింది. సరిగ్గా కిలో.

"ఇప్పుడు నిజం చెప్పు. ఎంత పెట్టావో తెలిస్తేనే ఎంత తగ్గించాలో చెప్పగలను. ఒక్కసారిగా మాడ్చినా చస్తుంది, ఇలాగే మేపినా చస్తుంది."

వరసలో నింకె ఉంది. ఆమె నవ్వలేదు. ఆయన తరఫున తనే సిగ్గుపడినట్టు తల దించుకుంది. అది చూసి సీట్సె చెవులు కాలిపోయాయి.

"వారానికొకటి," అన్నాడు. "ఒక్కోసారి రెండు."

"మరి కొమ్మలు?"

"తీసేశాను."

"ఎందుకురా?"

"కుర్చీలోంచి చూడ్డానికి అడ్డమని."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బావుండేది.

ఇంటికెళ్లి కోటు కూడా విప్పకుండా కొమ్మల్ని మళ్లీ బిగించాడు. ట్రూస్ ఒకదాన్ని చుట్టుకుని జానెడు ఎక్కింది. ఒళ్లు మోయలేక జారి దబ్బున పడింది. మళ్లీ ఎక్కబోయింది.

సీట్సె కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. వెనకాల ఇంకోసారి దబ్బుమంది.