రేడియేటర్లో పసుపు

నిన్న మా ఆయనకు గొంతు పట్టేస్తే పుక్కిలించడానికి నీళ్ళు కాచి పసుపు వేశాను. ఆవిరి లేచిందో లేదో, వరండాలో కూర్చున్న ఆయన ఇటు తిరిగి, "రేడియేటర్ పొంగినాదేటి?" అన్నాడు. నవ్వాలో ఊరుకోవాలో తెలియక గ్లాసు చేతికిచ్చి లోపలికి వచ్చేశాను గానీ, ఆ వాసన నన్ను భన్‌పురిలో అద్దెకున్న రోజుల దాకా లాక్కుపోయింది.

అప్పటికి ఆ హిందీ ప్రాంతంలో కొత్త రాష్ట్రం వచ్చి ఎంతో కాలం కాలేదు, రోడ్ల నిండా ఇనుము మోసే లారీలే. మా ఆయన ఒక పాత లారీ కొని, వెనక కొక్కెమూ గొలుసులూ బిగించి, దారిలో చెడిపోయిన లారీలను లాక్కొచ్చే పని పెట్టుకున్నాడు. మాకు వేరే ఆధారం లేదు, ఆ బండి తిరిగితేనే పొయ్యి వెలిగేది. వెనక ఇంకో లారీ వేలాడుతుంటే బండి నడక నిదానిస్తుంది, గాలి తగలదు, ఇంజిన్ మరిగిపోతుంది, పైగా మా ఊరి మే నెల ఎండ. అందుకే ఆయన రోజూ పొద్దున్నే పైపు పెట్టి రేడియేటర్ రేకుల్లో ఇరుక్కున్న ఫ్యాక్టరీల నల్లదుమ్మంతా కడిగేవాడు, ఫ్యాన్ బెల్టు నొక్కి చూసేవాడు, పొంగిన ఇంజిన్ చల్లారందే మూత మీద ఎవరినీ చెయ్యి వేయనిచ్చేవాడు కాదు. నాకు పెళ్ళిరోజు చీర కొనడం మరిచిపోయేవాడు గానీ దాని నీళ్ళు చూడటం ఏనాడూ మరవలేదు.

ఒకసారి రేడియేటర్ సన్నగా కారుతుంటే, డ్రైవర్లు చేసే చిట్కా ప్రకారం నీళ్ళలో గుప్పెడు పసుపు పోశాడు, కారడం ఆగింది. మాతోనే ఉండే మా అత్త అది చూసింది. శ్రీకాకుళం నుంచి కొమ్ములు తెప్పించి తనే దంచుకునే పసుపు కొడుకు బండిని బాగుచేసిందంటే ఆవిడ ఊరుకుంటుందా, ఆనాటి నుంచి బండి కదిలిన ప్రతిసారీ కాగితంలో చిన్న పొట్లం కట్టి గుమ్మంలో నిలబడేది. కారడం లేదమ్మా అంటే వినేది కాదు. అమ్మ చేత్తో ఇచ్చిన పసుపును రోడ్డు మీద పారబోయడానికి ఆయనకు చేతులు రాలేదు, ఇక దాన్ని పోయడానికి చోటేముంది, రేడియేటరే.

ఆ వేసవిలో ఇనుప చువ్వల లోడుతో ఆగిపోయిన లారీని కేశ్‌కాల్ ఘాట్ ఎక్కిస్తుంటే ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. ఆపాడు, చల్లారనిచ్చాడు, నీళ్ళు పోశాడు, అయినా నాలుగు మలుపులు తిరిగేసరికి ఇంజిన్ పట్టేసి బిగుసుకుపోయింది. అందరి బళ్ళనూ లాక్కొచ్చే మా బండిని ఇంకొకరి బండి గొలుసు కట్టి భన్‌పురికి లాక్కొచ్చింది. మేస్త్రీ రేడియేటర్ విప్పితే గొట్టాల నిండా పచ్చటి బురద, ఎండి గట్టిపడి ఉంది. "అరే భాభీ, యే తో పూరా హల్దీ హై," అన్నాడు నాతో, అంతా పసుపేనని. నేను తలూపాను. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఇంటికెళ్ళి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను.

"అమ్మకి సెప్పకు, బస్," అన్నాడు ఆయన, అంతే. ఆ సాయంత్రం అత్త కొడుకు తల నిమిరి, "బండి పోతే పోనాది, నా పసుపు నా బిడ్డని కాసినాది," అంది. మేమిద్దరం అన్నం తింటూనే ఉన్నాం.

బండి పాతసామాన్ల కింద పోయింది. ఆయన ఇంకొకరి దగ్గర డ్రైవరుగా చేరాడు. అత్త పొట్లం మాత్రం మానలేదు, ఆయన తీసుకోవడమూ మానలేదు, చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళేవాడు. పోసేవాడు కాదని నాకు తెలుసు, ఎందుకంటే పొట్లాలు జేబులోనే చిరిగేవి. ఉతుకుతూ సబ్బు రుద్దితే ప్రతి జేబూ ఎర్రబడేది. ఏళ్ళ తరబడి ఆ ఎరుపు వదిలించడం నా పనుల్లో ఒక పనైపోయింది, విసుగనిపించేంత స్పృహ కూడా ఉండేది కాదు.

అత్త పోయినప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు, చుట్టాలందరూ చూశారు. దినాలన్నీ అయ్యాక ఆయన డ్యూటీకి వేసుకెళ్ళొచ్చిన చొక్కా ఉతుకుతుంటే సబ్బు నురగ తెల్లగానే ఉండిపోయింది. ఇంకోసారి రుద్ది చూశాను. కుళాయి కట్టేసి, జేబు బయటికి తిరగేసి మళ్ళీ చూశాను.

ఇప్పుడు మా ఊళ్ళో తెలీబంధా రోడ్డు మీద చెడిపోయిన కార్లను పసిపిల్లల్లా వీపున ఎక్కించుకుపోయే బళ్ళు కనిపిస్తుంటాయి. వాటిలో రంగురంగుల కూలెంట్ పోసి ఉంటుందట, మామూలు నీళ్ళు కూడా పోయకూడదట, మూత తీసే అవసరమే అరుదట. మంచిదే, ఏ ఇంజిన్ పట్టేయకపోతే అంతే చాలు. ఇంట్లోవాళ్ళు గుమ్మంలో నిలబడి ఇవ్వడానికి మాత్రం ఏమీ మిగల్లేదు. మా పోపులపెట్టెలో పసుపు ఈ రోజుల్లో కూరకూ గొంతు నొప్పికీ తప్ప తరగడం లేదు.