ఎడమ అంచు

తుపాకీ ఏదైనా తుపాకుల మేస్త్రీ ఎజ్రా హాడ్లీ మొదట కళ్ళు మూసుకుని వేళ్ళతో తడుముతాడు, ఆ తర్వాతే చూస్తాడు. బర్మింగ్‌హామ్ తుపాకుల వీధిలో నలభై ఏళ్ళుగా ఆయనది ఇదే వరస. పాత జంట గొట్టాల తుపాకీల్లో పేల్చడానికి నొక్కే మీటలు కుడిచేతి వేలికి అనువుగా కాస్త కుడికి వంగి ఉంటాయి. ఎడమచేతివాళ్ళ కోసం వాటిని ఎర్రగా కాల్చి ఎడమకి వంచడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. మొన్న గార్బెట్ అనే రైతు తన కూతురు నెస్టాని వెంటబెట్టుకొచ్చి, బల్ల మీద ఒక తుపాకీ పెట్టాడు.

“మా తాతగారిది, మేస్త్రీ. మా వంశంలో ఎడమచేతివాటం ఎవరికీ లేదు, ఇదొక్కతే ఇట్లా పుట్టింది. దీనికోసం బంగారంలాంటి తుపాకీని పాడు చేయిస్తున్నా.”

నెస్టా ఎడమచేతిని కోటు జేబులో దాచుకుంది. ఎజ్రా వేళ్ళు మీటల చుట్టూ ఉన్న ఇనప కాపు మీద ఆగాయి. వేలు ఒరుసుకుపోకుండా, కాల్చేవాడి చెయ్యి ఎటుంటే అటు అంచును గుండ్రంగా మలుస్తారు. ఇక్కడ నున్నగా ఉన్నది ఎడమ అంచు.

“పాడు చెయ్యడమేముందయ్యా? ఇది ఎడమచేతివాడికి చేసిన తుపాకీయే. మీటల్ని తర్వాతెవరో కుడికి వంచారు. మళ్ళీ మొదట్లో ఉన్నట్టే చేసిస్తా,” అన్నాడు.

గార్బెట్ రసీదు మీద సంతకానికి కలాన్ని ఎడమచేత్తో అందుకుని, చటుక్కున కుడిచేతిలోకి మార్చుకున్నాడు.